గుండు మీద అర్జీ

నాకు మాట మెల్లిగా వత్తాదండి. చిన్నప్పట్నుంచీ అంతే. మా ఇంటిది కూర వడ్డించి "ఉప్పు సరిపోయిందా?" అనడిగితే, నేను "సరిపోయిందే" అనేటప్పటికి చెయ్యి కడుక్కోడం కూడా అయిపోద్ది. బళ్లో రెండో తరగతి దాకా ఎల్లేను. మేష్టారు ఎక్కం అడిగితే నేను చెప్పడం పూర్తయ్యేలోపు బడి వదిలేసేవారు.

అయినా నలబై ఏళ్లు లస్కరు ఉజ్జోగం చేసేనండి. లస్కరంటే ఏదో అనుకునేరు. మా కొత్తగరువు చేలల్లో మురుగు నీరంతా డ్రెయినులో పడి, సముద్రపు పాయలోకి దిగుద్ది. దిగే చోట ఇనప తలుపుంటది. సముద్రం పోటు మీదున్నప్పుడు తలుపు దింపాలి, లేపోతే ఉప్పునీరు చేల మీదకొచ్చేత్తాది. పాటు తగిలినప్పుడు తలుపెత్తాలి, లేపోతే చేలో నీరు బయటికి పోదు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. దానికి మాటతో పనేటండి? నలబై ఏళ్లలో సముద్రం ఒక్కసారి కూడా నన్ను "తొరగా చెప్పవయ్యా" అన్లేదు.

నేను దిగిపోయి మూడేళ్లయ్యింది. నా చోట్లో ఎవర్నీ వెయ్యలేదు, రైతులే తలో రోజు తలుపు తిప్పుకునేవారు. ఈ యేడు సార్వా పంట చేలో ఉండగా గాలివాన వత్తాదని రేడియోలో చెప్పగానే ఇంజినీరు గారు జీపేసుకొచ్చి, దగ్గరుండి తలుపు దింపించి, ఎవరూ ఎత్తకుండా హ్యాండిలు పట్టుకెళ్లిపోయారు. ఆ హ్యాండిలు మూరన్నర ఇనప కమ్మీ, వంకర తిరిగి ఉంటది. అది గేరులో పెట్టి తిప్పితేనే తలుపు లేత్తాది. అది లేపోతే ఏనుగుని కట్టి లాగినా కదల్దు. అలాంటిదాన్ని సెక్షనాఫీసు బీరువాలో పెట్టి తాళం వేసేరు.

గాలి రాలేదండి. వానే వచ్చింది. మూడ్రోజులు ఏకధాటిగా కురిసింది. నీరు పోయే దారి లేక చేలన్నీ చెరువులైపోయాయి. వరి పైరు వారం మునిగితే కుళ్లిపోద్ది. ఇది తెలుసుకోడానికి రెండో తరగతి కూడా అక్కర్లేదు.

మా పక్కింటి మంగాయమ్మకి రెండెకరాల పల్లపు చేనుంది. మొగుడు పోయేక ఒక్కత్తే చేసుకుంటంది. మొదటిసారి పోసిన నారు ఎండకి మాడిపోతే, మళ్లీ నారు పోసి నాటింది. ఇది కూడా పోతే ఈ యేడు ఇంక ఆవిడ చేలో గడ్డి తప్ప ఏటీ ఉండదు. శనివారం పొద్దున్నే మా అరుగు దగ్గిరికొచ్చింది.

"బాబాయ్, నా చేలో కప్పలు కాపరం పెట్టేయి. నువ్వే ఏదైనా చెయ్యాల. ఆ తలుపు సంగతి నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు" అంది.

ఇద్దరం ఇంజినీరు గారి దగ్గిరికి ఎల్లేం. ఆయన బీరువా వేపు చూసి, "హ్యాండిలు ఉంది. తాళంచెవి కూడా ఉంది. ఆర్డరు లేదు" అన్నారు. ఆర్డరు ఎక్కడ దొరుకుద్దండీ అంటే, "సోమారం జిల్లా ఆఫీసులో అర్జీ పెట్టుకోండి" అన్నారు.

ఆ అర్జీల సంగతి నాకు తెలుసండి. ఒక్కోళ్లకి రెండు నిమిషాలు. ఆ తరవాత బంట్రోతు గంట కొడతాడు. నేను ఇదివరకు మూడుసార్లు ఎల్లేను. మూడుసార్లూ "అయ్యా... మాది... కొత్తగరువండి..." అనేసరికి గంట మోగింది. ఆళ్ల పుస్తకంలో మూడుసార్లూ "అర్జీదారుది కొత్తగరువు" అని రాసుకున్నారంట. సమస్య ఏటో రాసే చోట గీత గీసేరు.

సరే, సోమారం ఎల్లేం. అప్పటికి చేలు మునిగి నాలుగో రోజు.

ఆఫీసు గుమ్మానికి పెద్ద గుడ్డ కట్టుంది. మంగాయమ్మ కూడబలుక్కుని చదివింది. "సౌలభ్య మేధోతరంగ సేకరణ – అనంతర విశ్లేషణ పథకం." దాని కింద "మాట వద్దు – మెదడు ముద్దు" అనుంది. లోపల గంట లేదు. బంట్రోతు లేడు. అర్జీ కాయితాల బల్ల కూడా లేదు. దాని చోట్లో వాలుకుర్చీ ఒకటి, తీగలు వేలాడే రబ్బరు టోపీ ఒకటి, టీవీలాంటిది ఒకటి ఉన్నాయి.

ప్రత్యేకాధికారి పరంజ్యోతి గారని ఒకాయన, మెళ్లో కార్డేసుకుని, లేచి నిలబడి చెప్పేరు.

"పౌరులారా! ఇన్నాళ్లూ మీరు నోటితో అర్జీ పెట్టుకున్నారు. నోరు అబద్ధం ఆడుతుంది. నోరు సమయం తీసుకుంటుంది. ఇకపై మీ సమస్యను నేరుగా మీ మెదడు నుంచే సేకరిస్తాం. రికార్డింగు ఎప్పుడైనా, ఎక్కడైనా! విశ్లేషణ ఆ తరవాత ఎప్పుడైనా!"

మీరు నమ్మరు గాని, నాకు కళ్లమ్మట నీళ్లొచ్చేయండి. దేశంలో మాట తొరగా రానోడి కోసం గవర్నమెంటు ఇంత కట్టపడి ఒక యంత్రం కనిపెట్టిందంటే ఊరికే పోద్దా? పక్కనే మంగాయమ్మ "నీ కోసమే బాబాయ్ ఇది" అని నా భుజం మీద తట్టింది.

నన్ను కుర్చీలో కూచోబెట్టేరు. యంత్రం దగ్గిర హిమజ అని ఒక అమ్మాయుంది. చదువుకున్న పిల్ల, మర్యాదస్తురాలు. నా నెత్తి మీద టోపీ పెట్టి, బొత్తాల కింద ఏదో చల్లటి జిగురు రాసింది. టీవీ వేపు చూసి మొహం అదోలా పెట్టింది.

"తాతగారూ, తలకి నూనె రాసుకున్నారా?"

"రాసుకున్నానమ్మా... కొబ్బరి నూనె... మాది కోనసీమ కదా..."

"నూనె ఉంటే తరంగాలు రావండి. జారిపోతాయి."

పరంజ్యోతి గారొచ్చి నా జుత్తు వేలితో ముట్టుకుని, ఆ వేలు జేబురుమాలుకి తుడుచుకున్నారు. "ఈ జిల్లాలో ప్రధాన ఆటంకం ఇదే. కేశతైలం. పై అధికారులకు నివేదించాం. సత్వర పరిష్కారం కూడా ఏర్పాటు చేశాం" అని కిటికీలోంచి చూపించేరు.

బయట బాదం చెట్టు కింద మా ఊరి అప్పన్న కుర్చీ, అద్దం, కత్తి పెట్టుక్కూచున్నాడు. చవరం చేసే అప్పన్నేనండి. మెళ్లో ఆడికీ కార్డుంది. దాని మీద "కపాల సంసిద్ధతా సహాయకుడు" అనుందంట. నేనెల్లేసరికే ఇరవై గుండ్లు అయిపోయేయి.

మంగాయమ్మని కూడా పిలిచేరు. ఆవిడ కొంగు నెత్తి మీదకి లాక్కుంది. "తిరపతిలో ఎంకన్నబాబుకిచ్చేను. అది ఆయనకీ నాకూ ఉన్న మొక్కు. మీకేటి మొక్కేనండీ నేను?" అంది.

"ఇది ప్రభుత్వ అవసరం అమ్మా."

"ఆ దేవుడు జుత్తు తీసుకుని ప్రసాదమైనా పెట్టేడు. తమరేం పెడతారు?"

ఆయన రసీదిత్తామన్నారు. ఆవిడ నా వేపు చూసింది. అలా చూత్తే నేనేం చేత్తానండి? ఎల్లి అప్పన్న ముందు కూచున్నాను.

"ఎవరు పోయేరు గవర్రాజూ?" అనడిగేడు, అలవాటు కొద్దీ.

"ఎవరూ పోలేదురా... అర్జీ పెడతన్నాను..."

"మరేలే. పొద్దుట్నుంచి అందరూ అదే చెప్తన్నారు. మీసం ఉంచమంటావా?"

"అర్జీ... మీసంలో... ఉండదు గదా... ఉంచు."

గుండుతో మళ్లీ కుర్చీలో కూచున్నాను. ఈసారి టోపీ మెత్తగా అతుక్కుంది. హిమజ మొహం విప్పారింది. "ఎంత శుభ్రంగా వస్తున్నాయో చూడండి సార్!" అంది. నా అరవై మూడేళ్ల బతుకులో నా బుర్ర శుభ్రంగా ఉందన్న మొదటి మనిషి ఆ పిల్లేనండి.

పరంజ్యోతి గారు నియమాలు చదివేరు. మాటాడకూడదు. కన్నార్పకూడదు, ఆర్పితే గీత కొండలాగ లేత్తాదంట, కాబట్టి కళ్లు మూసేసుకోవాలి. పళ్లు నూరకూడదు. నుదురు ముడి వెయ్యకూడదు. కోపం తెచ్చుకోకూడదు. ఏడవకూడదు. ఊపిరి మెల్లిగా తియ్యాలి.

"ఇవన్నీ మాని... సమస్య ఎలా చెప్పమంటారండి...?"

"మనసులో అనుకోండి, చాలు. యంత్రం పట్టుకుంటుంది."

కళ్లు మూసుకున్నాను. తలుపు గురించి, హ్యాండిలు గురించి, మంగాయమ్మ చేను గురించి మెల్లిగా అనుకోడం మొదలెట్టేను. బయట వాన వెలిసి చల్లగా ఉంది. కుర్చీ మెత్తగా ఉంది. పంకా తిరుగుతోంది. సమస్యలో సగం దాకా వచ్చేసరికి "అయిపోయింది" అని టోపీ తీసేసేరు.

"ఆర్డరు... ఎప్పుడిత్తారండి...?"

"రికార్డింగు పూర్తయింది. ఇక విశ్లేషణ జరగాలి."

"అది... ఎప్పుడండి...?"

"మీకు ఈ పథకంలోని సౌలభ్యం అర్థం కాలేదు" అన్నారాయన, చిన్నపిల్లోడికి చెప్పినట్టు. "పూర్వం సమస్య విన్నవాడు అప్పటికప్పుడు ఏదో ఒకటి చెయ్యవలసి వచ్చేది. ఎంత ఒత్తిడి! ఇప్పుడు రికార్డు చేసి భద్రపరుస్తాం. అది చెడిపోదు. పదేళ్ల తరవాత విశ్లేషించినా మీ సమస్య ఇవాళ ఉన్నంత తాజాగా ఉంటుంది."

"సమస్య తాజాగా ఉంటదండి. వరే కుళ్లిపోద్ది" అంది మంగాయమ్మ.

హిమజకి జాలేసినట్టుంది. "సార్, పైపైన ఒకసారి చూసి చెప్పనా?" అనడిగింది. టీవీలో గీతలు చూసింది. చూసి తల దించుకుంది. పరంజ్యోతి గారు ఆ గీతలు చూసి చప్పట్లు కొట్టేరు.

"అద్భుతం! కళ్లు మూసుకున్న దగ్గర్నుంచి చివరిదాకా ప్రశాంత తరంగాలే. ఈ అర్జీదారు పరిపూర్ణ సంతృప్తిలో ఉన్నాడు."

"అయ్యా... కళ్లు మూసుకోమన్నది... తమరే కదండీ..."

"యంత్రం మీ మాట వినదు. అదే దాని గొప్పతనం."

నాకు కోపమొచ్చింది. నాకు కోపం కూడా మెల్లిగానే వత్తాది గాని, వత్తే దవడ బిగుసుకుంటది. టోపీ మళ్లీ పెట్టమన్నాను, పెట్టేరు. గీతలన్నీ గడ్డివాములో పందికొక్కు దూరినట్టు చెదిరిపోయేయి. హమ్మయ్య, ఇప్పటికి దొరికిందిరా నా సమస్య అనుకున్నాను. హిమజ ఏదో మీట నొక్కింది. గీతలన్నీ మళ్లీ చక్కబడ్డాయి.

"ఏటమ్మా... ఏటి చేసేవు...?"

"అది దవడ కండరాల రొదండి తాతగారూ. కోపం వస్తే రొద వస్తుంది. విశ్లేషణకి అడ్డం. తీసెయ్యమని రూలు."

కోపం తీసేసేక ఏ అర్జీలోనైనా ఏటి మిగులుద్దండి? సంతృప్తే మిగులుద్ది.

ఆవేళ నేనక్కడ చూసినవి చెప్తే అబద్ధమంటారు. పింఛను ఆగిపోయిన ఒక ముసలాయన టోపీ పెట్టగానే నిద్దరోయేడు. ఆయనకి "గాఢ సంతృప్తి" అని రాసి, చేతిలో ఆకుపచ్చ చీటీ పెట్టేరు. పన్నుపోటుతో బాధపడతా చెల్లెలికి తోడొచ్చినోడు ఒకడు ఊరికే కూచుంటే, ఆడికి టోపీ పెట్టి "అతి తీవ్ర సమస్య" అని రాసుకున్నారు. ఏం సమస్యో రాయలేదు. టోపీలు వంకరపోకుండా వలిచిన కొబ్బరికాయల మీద బోర్లించి ఆరబెట్టేవారు. మజ్జాన్నం భోజనాలకెల్లినప్పుడు మీట ఆపడం మర్చిపోయేరంట. కొబ్బరికాయ నుంచి గంటన్నర రికార్డయ్యింది. తిరిగొచ్చి చూత్తే ఒక్క గీత కూడా చెక్కు చెదర్లేదు. దానికి రెండొందల పన్నెండో నంబరిచ్చి, "ఏ ఫిర్యాదూ లేని ఆదర్శ పౌరుడు" అని జాబితాలో ఎక్కించేరు. నా నంబరు రెండొందల పదకొండు.

ఇంటికెల్లేం. నా గుండు చూసి మా ఇంటిది గుమ్మంలోనే గుండెలు బాదుకుంది. మా పెద్దన్నయ్య పోయేడనుకుందంట. ఊరు ఊరంతా పరామర్శకొచ్చేసింది. మా పెద్దన్నయ్య కూడా వచ్చేడు, ఎవరు పోయేరో కనుక్కుందామని.

మరి ఊరుకోడం ఎలాగండి? మంగాయమ్మ చేలో పైరు కొసలు నీళ్ల మీద ఇంకా పచ్చగానే ఉన్నాయి. రేపో ఎల్లుండో పసుపెక్కుద్ది.

మంగళారం పొద్దున్న పరంజ్యోతి గారే మా ఊరొచ్చేరు. వేనులో యంత్రం, హిమజ, అప్పన్న, పది టోపీలు, పది కొబ్బరికాయలు. "సౌలభ్యం" అంటే అదేనంట, జనం దగ్గిరికే టోపీ వత్తాదంట. ఊరికి యాబై బుర్రలు తియ్యాలని పైనుంచి ఉత్తర్వంట. రోడ్డు మునిగిపోయి వేను ఊళ్లోకి రాలేక, డ్రెయిను గట్టు మీద, సరిగ్గా నా తలుపు పక్కనే ఆగింది.

నేనెల్లి దండం పెట్టేను. రాత్రంతా మంచం మీద పడుకుని, నాకొచ్చిన ఆ రెండో తరగతి చదువుతోటే ఒక మాట కూడబలుక్కుని ఉంచుకున్నాను లెండి.

"అయ్యా... నిన్న నా బుర్ర తీసుకున్నారు... సమస్య ఉన్నప్పటి బుర్ర అది..."

"అవును."

"సమస్య లేనప్పుడు... నా బుర్ర ఎలాగుంటదో... తమకి తెలుసాండి...?"

ఆయన చేతిలో టోపీ కొబ్బరికాయ మీద బోర్లించి నా వేపు తిరిగేరు.

"ఇప్పుడూ... జొరమొచ్చినోడి ఒళ్లు పట్టుకుని చూత్తాం... జొరం లేనప్పుడు ఎంత వెచ్చగుంటాడో తెలీపోతే... జొరమని ఎలా తెలుత్తాదండి...? నేను ఎప్పుడూ ప్రశాంతంగానే కనపడే మనిషినేమో... తలుపెత్తితే... ఇంకెంత ప్రశాంతంగా ఉంటానో..."

పరంజ్యోతి గారు నన్ను కావిలించుకున్నారండి. నిజం. "హిమజా! తులనాత్మక నిస్సమస్యా నమూనా! ఇది ఏ జిల్లాలోనూ ఎవరూ చెయ్యలేదు!" అని కేకేసేరు. అక్కడికక్కడే ఫోను తీసి ఇంజినీరు గారికి హుకుం చేసేరు. "అర్జీ మీద కాదండీ, అర్జీ ఇంకా విశ్లేషణలో ఉంది. ఇది పరిశోధన. పది నిమిషాల పాటు సమస్యను తాత్కాలికంగా తొలగించాలి. హ్యాండిలు వెంటనే పంపండి."

నాలుగు రోజులు ఆర్డరు లేక రాని హ్యాండిలు నలబై నిమిషాల్లో జీపులో వచ్చింది. బరువు చూసుకుని నేనే అందుకున్నాను. మూడేళ్లయినా చెయ్యి మర్చిపోలేదండి. సరిగ్గా పాటు తగిలిందప్పుడే. గేరులో పెట్టి తిప్పేను. తలుపు కీచుమని, గొణిగి, లేచింది. నాలుగూళ్ల నీరు ఒక్కసారి బుస్సుమని పాయలోకి దూకింది. గట్టు మీద చేరిన జనం ఈలలేసేరు. మంగాయమ్మ మాత్రం ఈల వెయ్యలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఆ నీటి వేపే చూత్తా నిలబడింది.

"మీరు ఇటు రండి, కూర్చోండి. పది నిమిషాలు. మీకు సంతృప్తి రాగానే రికార్డు చేసి తలుపు మూసేద్దాం" అన్నారు పరంజ్యోతి గారు.

అది విని మంగాయమ్మ నా వేపు చూసింది. నేనావిడ వేపు చూసేను. పాటు ఆరు గంటలుంటది. పది నిమిషాల్లో పోయే నీరు కాదది.

టోపీ పెట్టేరు. కళ్లు మూసుకున్నాను. నా నోట్లో నాలుగు దవడ పళ్లు మిగిలేయండి. ఆ నాలుగూ కరిచిపెట్టేను.

"తాతగారూ, రొద వస్తోంది."

"సంతృప్తి... ఇంకా రాలేదమ్మా... బయల్దేరింది... నాకన్నీ మెల్లిగానే వత్తాయి..."

పది నిమిషాలయ్యింది. అరగంటయ్యింది. నీటి చప్పుడు వింటంటే, నిజం చెప్పొద్దూ, లోపల్నుంచి సంతోషం తన్నుకొచ్చేత్తంది. దవడ సడలిపోతంది. హిమజ "ఆఁ, వస్తోంది సార్, ప్రశాంతత వస్తోంది!" అంది. నాకు గాభరా ఎత్తింది. అది వచ్చేత్తే తలుపు దింపేత్తారు.

ఆదుకున్నది మంగాయమ్మేనండి. నా చెవి దగ్గిరికొచ్చి కూచుంది.

"బాబాయ్, మీ బావమరిది నీ కొత్త సైకిలు పట్టుకెళ్లి చక్రాలు లేకుండా తెచ్చేడు. గుర్తుందా?"

నా దవడ మళ్లీ బిగుసుకుంది.

"ఎవరమ్మా అక్కడ? అర్జీదారుతో మాట్లాడకూడదు!"

"ఓదారుస్తన్నానండి. సంతృప్తి తొరగా రావాలని" అంది. మళ్లీ నా చెవిలో, "నీ కూతురు పెళ్లిలో వియ్యంకుడు పప్పులో ఉప్పు లేదని విస్తరి మీంచి లేచిపోయేడు. పప్పులో ఉప్పుంది బాబాయ్. నేను తిన్నాను" అంది.

పాతికేళ్లనాటి సంగతండి అది. అయినా ఒళ్లు మండిపోయింది. టీవీలో గీతలు టీవీ దాటి బయటికొచ్చేత్తాయేమో అనుకున్నారంట.

అలాగ ఆరు గంటలు. ఆవిడ దగ్గిర నా కోపాలన్నీ చిట్టా కట్టినట్టున్నాయి. నేను మర్చిపోయినవి కూడా ఉన్నాయి. మధ్యలో పరంజ్యోతి గారు ఐదు బొండాలు తాగేరు. హిమజ ఒకసారి నా మొహంలోకి, ఒకసారి నీటిలోకి, ఒకసారి మంగాయమ్మ వేపు చూసింది. ఆ తరవాత "రొద" అనడం, రొద తీసే మీట నొక్కడం కూడా మానేసింది. "కొంచెం టైం పడుతుంది సార్. అరుదైన మెదడు" అని మాత్రం అంది. చదువుకున్న పిల్లలందరూ చెడ్డోళ్లు కాదండి.

పోటు మొదలవగానే నేనే లేచి తలుపు దింపేసేను. లేపోతే ఉప్పునీరొచ్చేత్తాది. "అయ్యో, నమూనా పూర్తి కాలేదే" అన్నారాయన. "రేపు మళ్లీ పాటుకి... రండి... ఈసారి సంతృప్తి... దగ్గిర దాకా వచ్చిందండి..." అన్నాను. ఒక నమూనా చాలదు, మూడు కావాలని వాళ్ల రూల్లోనే ఉందంట. మూడ్రోజులు వచ్చేరు. మూడ్రోజులు కోపంగా కూచున్నాను. హ్యాండిలు వేనులో పెడదామంటే, అది రికార్డింగు సామాన్ల జాబితాలో లేదు కాబట్టి వేనులో ఎక్కించకూడదన్నారు. ఇంజినీరు గారిని తీసుకెల్లమంటే, అది పరిశోధనకిచ్చింది, పరిశోధన ముగిసినట్టు కాయితం లేందే తీసుకోనన్నారు. నా మంచం కింద పెట్టుకున్నాను. ఆళ్లు ఎల్లిపోయేక కూడా రోజూ రెండు పాట్లకీ ఎల్లి తలుపెత్తుతూనే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. నన్ను అడగాలంటే నా జవాబు వినాలి కదండీ.

మంగాయమ్మ చేలో పల్లపు మూల కాస్త పసుపెక్కింది గాని, తతిమ్మాదంతా లేచింది. కార్తీకంలో ఈని కంకులేసింది. కోతలయ్యేక కొత్త బియ్యంతో పాయసం వండి పట్టుకొచ్చింది. "తీపి సరిపోయిందా బాబాయ్?" అంటే చెప్పడం మొదలెట్టేను. జవాబు వినకుండానే ఎల్లిపోయింది.

నా జుత్తు మళ్లీ దువ్వెనకి అందేంత పెరిగేక, మాఘ మాసంలో, విశ్లేషణ వచ్చింది. కాయితం పట్టుకుని పరంజ్యోతి గారే వచ్చేరు. ఆయనకి పై ఉజ్జోగమిచ్చేరంట, మెళ్లో కార్డు పెద్దదయ్యింది. వెనకాల వెల్డింగు మిషను పట్టుకుని ఇద్దరు మనుషులున్నారు. ఇప్పుడిది రాత్తన్న మా మనవరాలే ఆ కాయితం గట్టిగా చదివింది.

"అర్జీదారు నెం. 211 బొంతు గవర్రాజు, కొత్తగరువు. సదరు తలుపు మూసియున్న సమయమున అర్జీదారు పరిపూర్ణ సంతృప్తితో ఉన్నట్లును, తలుపు తెరిచియున్న సమయమున మూడు పర్యాయములును తీవ్ర ఆందోళన, క్రోధములకు లోనైనట్లును తరంగ విశ్లేషణలో నిస్సందేహముగా రుజువైనది. కావున, అర్జీదారు మానసిక శ్రేయస్సు దృష్ట్యా, సదరు తలుపును శాశ్వతముగా మూసివేయవలసినదిగా ఆదేశించడమైనది. అర్జీ పరిష్కరించబడినది."

ఊళ్లో సగం మంది మా అరుగు దగ్గిర పోగయ్యేరు. మంగాయమ్మ ముందుకొచ్చి అంది. "పోన్లెండి, ఆదర్శ పౌరుడు రెండొందల పన్నెండు గారికి ఏటి మేలు చేసేరు?"

"ఆయన ఫిర్యాదు చెయ్యలేదమ్మా" అన్నారు పరంజ్యోతి గారు, మర్యాదగా.

అందరం కలిసి గట్టు మీదకెల్లేం. అప్పుడు పాటు నడుస్తోంది. తలుపు పైకెత్తుంది. వెల్డింగు కుర్రోళ్లు తలుపు చుట్టూ తిరిగి చూసి, "సార్, కిందకి దింపితే గాని అతకలేం" అన్నారు. ఇంజినీరు గారికి ఫోను చేత్తే, హ్యాండిలు పరిశోధనలోనే ఉందని చెప్పేరు.

గట్టు దిగి మళ్లీ మా అరుగు మీదకొచ్చేక పరంజ్యోతి గారు నన్నడిగేరు.

"గవర్రాజు గారూ, ఆ హ్యాండిలు ఎక్కడుంది?"

మా అరుగు మీంచి చూత్తే నా మంచం కనపడుద్ది. మంచం కిందకి దుప్పటి వేలాడతంది. మంగాయమ్మ ఎల్లి ఆ మంచం మీద కూచుంది, కాళ్లు నొప్పులంట.

నేను జేబులోంచి సీసా తీసి, అరచేతిలో కొబ్బరి నూనె పోసుకుని, నెత్తికి బాగా మర్దించుకున్నాను. తరవాత కళ్లు మూసుకున్నాను.

"ఎక్కడుందో... నా బుర్రలో... ఉందండి..." అన్నాను. "రికార్డు... చేసుకోండి..."